కెమెరా ఆఫ్‌లో ఉంటే ఆబ్సెంటేనా?

ఆన్‌లైన్ క్లాసుల మీద ఏదైనా అడగండి అని పోయిన నెల ఈ పేజీలో అన్నందుకు ఉత్తరాలు, వాట్సాప్ వాయిస్‌లు బాగానే వచ్చాయి. కరోనా పోయింది కానీ క్లాసులు మాత్రం ఫోన్లో నుంచి పోలేదు కదా. సాయంత్రం ట్యూషన్, నీట్ కోచింగ్, స్పోకెన్ ఇంగ్లిష్, సంగీతం అన్నీ అందులోనే. తిరుపతిలో కూర్చుని పిల్లలకు ఆన్‌లైన్లో లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి ఇటువైపు బాధలూ తెలుసు, అటువైపు బాధలూ తెలుసు. నా పక్షం ముందే చెప్పేస్తా: కెమెరా దగ్గర పిల్లల్ని కొంచెం వదిలేయండి, మైకు దగ్గర మాత్రం వదలొద్దు. ఇక మీ ఉత్తరాలు, ఒక్కోదాని కింద నా జవాబు.

మాది ఒకటే గది, వంట కూడా అందులోనే. పాప తొమ్మిదో తరగతి, సాయంత్రం ఆరున్నరకు ఆన్‌లైన్ ట్యూషన్. కెమెరా వేయకపోతే సార్ ఆబ్సెంట్ వేస్తున్నారు, అందరి ముందూ పేరు పెట్టి అడుగుతున్నారు. సరిగ్గా అప్పుడే మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి స్నానానికి పోతాడు, మా అత్త మంచం మీద పడుకొని ఉంటుంది. ఫోన్ ఎటు తిప్పినా ఎవరో ఒకరు పడతారు. పాప ఏడుస్తోంది. సార్‌తో మాట్లాడితే ఎదురు చెప్పినట్టు ఉంటుందేమో అక్కా? (ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి)

ఎదురు చెప్పడం ఏముందమ్మా ఇందులో. సార్‌కు కావాల్సింది పాప వింటోందా లేదా అన్నది, మీ ఇంట్లో మంచం ఎక్కడుందో కాదు. ఆ సంగతి ఆయనకు తట్టి ఉండదు, అంతే. ఆయన ఇంట్లో వేరే గది ఉంటుంది, తలుపు వేసుకొని చెబుతారు.

ముందు ఒక ఉపాయం చెప్తా, ఇవాళ్టి నుంచే చేసి చూడండి. కెమెరాను పాప ముఖం మీద కాకుండా నోటుబుక్కు మీద పెట్టండి. రెండు స్టీలు డబ్బాలు పక్కపక్కన పెట్టి, వాటి మీద అడ్డంగా ఒక స్కేలో అట్టో వేసి, ఫోన్ కెమెరా కిందికి చూసేలా ఆనించండి. నోటుబుక్కు, పాప చేయి, పెన్ను తప్ప ఇంకేమీ కనపడవు. ఫోన్ ముందువైపు కెమెరాతో చూస్తే అక్షరాలు తిరగబడినట్టు ఉంటాయి, దానికి కంగారు పడొద్దు. అది మీ ఫోన్లో మీకు మాత్రమే అద్దంలోలాగా కనిపించేది, సార్‌కు సరిగ్గానే కనపడుతుంది. లెక్కల సార్ అయితే ఇది చూసి ఎగిరి గంతేస్తారు, ఎందుకంటే ముఖం చూస్తే ఏం తెలుస్తుంది? తల ఊపే పిల్లకు అర్థమైనట్టు కాదు. ఎక్కడ గుణకారం తప్పిందో చేయి చూస్తేనే తెలుస్తుంది. నా క్లాసులో నేను అడిగేది అదే.

ఇక సార్‌తో ఎలా మాట్లాడాలి అంటారా, క్లాసు మధ్యలో వద్దు, విడిగా మెసేజ్ పెట్టండి. 'సార్, మాది ఒకటే గది, ఆ టైములో ఇంట్లో అందరూ ఉంటారు. పాప నోటుబుక్కు మీదికి కెమెరా పెడతాను, మీరు ఎప్పుడు పేరు పిలిచినా మైకు తీసి జవాబు చెబుతుంది, దాన్నే హాజరు కింద తీసుకోండి' అని. బతిమాలినట్టు రాయొద్దు, పోట్లాడినట్టూ రాయొద్దు. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ చేసుకోవచ్చు కదా అని ఎవరైనా అనొచ్చు. జూమ్‌లోనూ గూగుల్ మీట్‌లోనూ ఆ సౌకర్యం ఉంది, నిజమే, కానీ పాత ఫోన్లలో ఆ ఆప్షనే రాదు, వచ్చినా ఫోన్ బాగా వేడెక్కిపోతుంది, పైగా వెనక మనిషి నడిచి వెళ్తే ఒక్కోసారి బ్లర్ తొలగి మనిషి కనిపించేస్తాడు. దాన్ని నమ్ముకొని మీ ఆయన్ని తువ్వాలుతో తిరగమనకండి.

ఇంకో మాట, ఇది మీ పాప ఒక్కదాని బాధ కాదు. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో బయాలజీ చెప్పే కాస్టెల్లి, సర్వారీ అనే ఇద్దరు తమ విద్యార్థులనే అడిగారు, కెమెరా ఎందుకు వేయరు అని. 2021లో అది అచ్చయింది. 'నేను ఎలా కనపడుతున్నానో అని' చెప్పినవాళ్లే ఎక్కువ, వెనక మనుషులూ ఇల్లూ కనపడతాయని చెప్పినవాళ్లూ తక్కువేం కాదు. అంత పెద్ద యూనివర్సిటీ పిల్లలకే అలా ఉంటే కొర్లగుంటలో తొమ్మిదో తరగతి పిల్లకు ఉండదా? బలవంతం చేయొద్దు, ప్రోత్సహించండి అని వాళ్లు తేల్చారు. మీ సార్‌కు ఈ ముక్క కూడా పంపండి కావాలంటే.

మేడమ్, మా ఇంట్లో మరమగ్గాలు ఉన్నాయి. నేను ఇంటర్ సెకండియర్, ఆన్‌లైన్ కోచింగ్. మైకు తీస్తే చాలు ఆ టకటక అందరికీ వినపడి నవ్వుతారు, సార్ కూడా 'మ్యూట్ చేయమ్మా' అంటారు. డౌట్లు అడగడమే మానేశాను. (విద్యార్థిని, నగరి)

నగరి, పుత్తూరు వైపు సగం ఇళ్లల్లో పిల్లలు ఆ చప్పుడు మధ్యే చదివి పైకొచ్చారు. నవ్వేవాళ్లను నవ్వనీ. డౌట్ మానేయడం మాత్రం ఒప్పుకోను.

మగ్గం ఆపలేవు, అది అన్నం పెట్టేది. కాబట్టి మైకును నీకు దగ్గర చేయాలి, మగ్గానికి దూరం చేయాలి. ఫోన్‌ను బల్ల మీద పెట్టి మాట్లాడితే ఫోన్ గదినంతా వింటుంది. వైరు ఉన్న ఇయర్‌ఫోన్లు కొను, మైకు ఉన్నవి. ఖరీదైనవి అక్కర్లేదు. ఆ వైరు మీద ఉండే చిన్న మైకును నోటి మూలకు దగ్గరగా చేత్తో పట్టుకో, నోటికి ఎదురుగా వద్దు, ఊపిరి తగిలి బుస్సుమంటుంది. చున్నీకి రాసుకుంటే ఇంకా దారుణంగా గరగరమంటుంది, అది మగ్గం కన్నా చెడ్డ చప్పుడు. మైకుకూ నోటికీ మధ్య దూరం సగం చేస్తే నీ గొంతు దానికి రెట్టింపు బలంగా అందుతుంది, మగ్గం చప్పుడు మాత్రం ఉన్నంతే ఉంటుంది. ఈ ఒక్క పనితో సగం గొడవ తీరిపోతుంది.

లాప్‌టాప్‌లో జూమ్ అయితే సెట్టింగ్స్‌లో ఆడియోలోకి వెళ్లి 'బ్యాక్‌గ్రౌండ్ నాయిస్' అని ఉన్నదాన్ని 'హై'లో పెట్టు. మీట్‌లో చప్పుడు తగ్గించే సౌకర్యం కొన్ని డబ్బు కట్టిన అకౌంట్లకే వస్తుంది, నీ ఫోన్లో కనపడకపోతే వెతుక్కుంటూ కూర్చోకు. జూమ్‌లో అది హైలో ఉన్నప్పుడు మెల్లగా మాట్లాడితే నీ గొంతునే చప్పుడనుకొని మింగేస్తుంది, కాబట్టి కొంచెం గట్టిగా, మాట తుంచకుండా చెప్పు. లాప్‌టాప్‌లో ఇంకో సుఖం ఉంది, మ్యూట్‌లో ఉన్నప్పుడు స్పేస్ బార్ నొక్కి పట్టుకుంటే పట్టుకున్నంతసేపే మైకు తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. ప్రశ్న అడిగేంతసేపు నొక్కు, చాలు.

కూర్చునే చోటు కూడా చూసుకో. మగ్గాల గదికి ఆనుకున్న గోడ వద్దు. పరుపులు, బట్టలు కుప్పగా ఉన్న గది మూల మంచిది, గొంతు గోడలకు తగిలి తిరిగి రాదు. చివరగా, మొదటి రోజే సార్‌కు చాట్‌లో చెప్పెయ్: 'మా ఇంట్లో మరమగ్గాలున్నాయి సార్, చప్పుడొస్తుంది, అయినా అడుగుతాను.' తిరుపతిలో మేలో గంగమ్మ జాతరప్పుడు నా క్లాసులోకే వీధి మైకు సెట్లు వినపడతాయి, ఎవరూ నన్ను మ్యూట్ చేయమనలేదు.

మేడమ్, నేను చిత్తూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. సెలవుల్లో, వానలప్పుడు క్లాసులు ఆన్‌లైన్లో పెడతారు. అరవై నల్ల డబ్బాలు, అరవై పేర్లు. ప్రశ్న వేస్తే గోడతో మాట్లాడినట్టు ఉంటుంది. సగంమంది లాగిన్ అయి పడుకుంటున్నారని తెలుసు. వాళ్ల మైకు, కెమెరా నేనే ఆన్ చేసే మార్గం ఉందా? (అధ్యాపకుడు)

లేదు సార్, ఉండకూడదు కూడా. మ్యూట్ చేసే అధికారం మీకుంది, తీసే అధికారం లేదు. జూమ్‌లో 'ఆస్క్ టు అన్‌మ్యూట్' నొక్కితే వాళ్ల స్క్రీన్ మీద అడుగుతుంది, వాళ్లు ఒప్పుకుంటేనే తెరుచుకుంటుంది. కెమెరాకూ అంతే. మీట్‌లో అయితే మీరు మూసేయగలరు, తెరవలేరు. ఆలోచించండి, అవతల ఒక ఆడపిల్ల ఇంట్లో ఉంది, దూరం నుంచి ఎవరో ఆమె కెమెరా వేయగలిగితే ఆ ఫోన్‌ను ఏ తల్లిదండ్రులు ఇంట్లో పెట్టుకుంటారు?

మీ బాధ మాత్రం నాకు బాగా తెలుసు. చెప్పేవాళ్లకు ముఖాలు కావాలి, జోకు వేస్తే నవ్వు కావాలి, లేకపోతే గంటలోనే గొంతు ఎండిపోతుంది. అయితే కెమెరా వేయించినా ఆ ముఖాలు మీరనుకున్నట్టు ఉండవు. స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బెయిలెన్సన్ అనే ప్రొఫెసర్ 2021లో వీడియో మీటింగుల అలసటకు నాలుగు కారణాలు రాశారు: అన్ని ముఖాలూ మరీ దగ్గరగా మనల్నే చూస్తున్నట్టు ఉండటం, మన ముఖం మనకే ఎదురుగా కనిపిస్తూ ఉండటం, కదలకుండా ఫ్రేములో కూర్చోవాల్సి రావడం, సైగలను అర్థం చేసుకోవడానికీ అర్థమయ్యేలా చెప్పడానికీ బుర్ర ఎక్కువ కష్టపడటం. పిల్లలకూ ఇది వర్తిస్తుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల మీ కెపాసిటర్ పాఠం వింటుందా, తన జుట్టు సరిచేసుకుంటుందా? జూమ్‌లో 'హైడ్ సెల్ఫ్ వ్యూ' అని ఉంది, కెమెరా వేసేవాళ్లకు అది చెప్పండి, తమ ముఖం తమకు కనపడదు, మిగతావాళ్లకు కనపడుతుంది.

పిల్లలు కెమెరా వేయకపోవడానికి భయం మీరు కాదు సార్, తోటి పిల్లలు. దానికి జూమ్‌లో 'ఫోకస్ మోడ్' ఉంది. అది పెడితే పిల్లల వీడియోలు మీకు మాత్రమే కనపడతాయి, వాళ్లకు ఒకరి ముఖం ఒకరికి కనపడదు. ఇది చెప్పి చూడండి, 'నాకొక్కడికే కనపడతారమ్మా' అని, కొన్ని డబ్బాలైనా వెలుగుతాయి.

అసలు మందు మైకు దగ్గరుంది. ఒక ప్రశ్న వేసి ఎన్ని సెకన్లు ఆగుతున్నారు? మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో మామూలు క్లాసురూముల్లోనే చూశారు, టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు, కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతున్నాయి, ఎక్కువమంది నోరు తెరుస్తున్నారు. అది ఎదురెదురుగా ఉన్నప్పటి లెక్క. ఇక్కడ పిల్లవాడు తాకితే స్క్రీన్ వెలిగి, మైకు గుర్తు వెతికి, నొక్కి, నెట్ ఆలస్యం దాటి మాట మీ దాకా రావాలి. మీరు ఆలోపే 'సరే, నేనే చెప్తా' అంటారు. రెండుసార్లు అలా అయ్యాక మూడోసారి ఎవడూ మైకు తీయడు, మీరే చెబుతారని వాడికి తెలిసిపోయింది. మనసులో పది లెక్కపెట్టండి. ఆ పది సెకన్లు ప్రాణం పోయినట్టు ఉంటుంది, ఉండనీండి.

అందరినీ కలిపి 'అర్థమైందా?' అనొద్దు, దానికి జవాబు రాదు. పేరు ముందు పిలవండి, ప్రశ్న తర్వాత వేయండి. ఎదురుగా అయితే ప్రశ్న ముందు వేసి పేరు తర్వాత పిలవాలని మనకు నేర్పారు, ఆన్‌లైన్లో అది తిరగేయాలి, పిలిచాక మైకు తీయడానికి టైము పడుతుంది కాబట్టి. 'లావణ్యా, మైకు తీసి పెట్టుకో, నీకు ఒకటి అడుగుతా' అని, ఆ తర్వాత ప్రశ్న. పాఠం మధ్య మధ్యలో ఒక్కో పేరు, వరుసలో కాకుండా. రోల్ నంబరు వరుసలో పిలిస్తే తన వంతు అయిపోయినవాడు దుప్పటి కప్పేసుకుంటాడు. ఆ రోజు గొంతు వినపడినవాళ్లకు హాజరు అని చెప్పండి, మైకు పాడైతే చాట్‌లో జవాబు రాసినా హాజరే అనండి. కెమెరా వేసి నిద్రపోయేవాళ్లు ఉన్నారు కానీ, పిలిచినప్పుడు నిద్రలో ఫిజిక్స్ ఓమ్ నియమం చెప్పినవాడు ఇంతవరకు నాకు తగల్లేదు.

అరవై మందిలో ఇదంతా కుదరదు అంటారు, తెలుసు. నిజానికి అరవై మందికి లైవ్ క్లాసు పెట్టడమే తప్పు, అది మీ మేనేజ్‌మెంట్‌కు చెప్పాల్సిన మాట. పాఠం రికార్డు చేసి పంపి, ఇరవై ఇరవై మందిని డౌట్లకు మాత్రం పిలవండి. స్కూలు పిల్లలకైతే కేంద్ర ప్రభుత్వం 2020 జులైలో 'ప్రజ్ఞాత' మార్గదర్శకాల్లో లైవ్ క్లాసులకు హద్దే పెట్టింది: ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు రోజుకు రెండు, తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు మించకుండా. మీది ఇంటర్ క్లాసులైతే అదీ చూసుకోండి.

మా బాబు ఐదో తరగతి. మేడమ్ ప్రశ్న అడగ్గానే పక్కనుంచి మా మామగారు జవాబు అందిస్తున్నారు, అది మైకులో వినపడుతోంది. ఆయన్ను ఏమీ అనలేం. (శ్రీకాళహస్తి)

బాబుకు ఇయర్‌ఫోన్లు పెట్టండి. మామగారికి ప్రశ్నే వినపడదు. క్లాసయ్యాక ఆయన దగ్గర కూర్చోబెట్టి ఎక్కాలు అప్పజెప్పించండి, ఆయనకూ పని దొరుకుతుంది.

రోజుకు 1.5 జీబీ డేటా, ఇద్దరు పిల్లలు, ఒకటే ఫోన్ హాట్‌స్పాట్. మధ్యాహ్నానికే అయిపోతోంది. (ఒక తండ్రి, పలమనేరు)

వీడియో తినేదే అంతా. జూమ్ వాళ్ల లెక్క ప్రకారం మాటకు సెకనుకు 100 కిలోబిట్ల లోపు చాలు, అంటే గంటకు 45 ఎంబీ దాటదు. బాగా కనపడే వీడియోకు సెకనుకు 600 కిలోబిట్లు, అంటే గంటకు 270 ఎంబీ, అదీ మన ఫోన్ నుంచి వెళ్లే వీడియోకు వేరు, వచ్చే వీడియోకు వేరు. కాబట్టి పిల్లల కెమెరాలు ఆఫ్ చేయండి, వెళ్లేది ఆగిపోతుంది. మన వైపు ఊళ్లల్లో సిగ్నల్ వచ్చేటప్పటికన్నా వెళ్లేటప్పుడే ఎక్కువ చచ్చుబడుతుంది కాబట్టి గొంతు కూడా తెగకుండా వెళ్తుంది. 'డేటా సరిపోదు, మాట మాత్రం ఉంటుంది' అని స్కూలుకు రాసి ఇవ్వండి. ఇద్దరికీ ఒకే గదిలో క్లాసు అయితే రెండు స్పీకర్లూ తెరిచి పెట్టొద్దు, ఒకరి ఫోన్లో మాట ఇంకొకరి మైకులో దూరి గుయ్యిమంటుంది.

మేడమ్, ఆన్‌లైన్లో అన్నమయ్య కీర్తనలు నేర్చుకుంటున్నాను. నేను శ్రుతి పెట్టె పెట్టుకొని పాడితే గురువుగారికి నా గొంతు వినపడుతోంది కానీ శ్రుతి వినపడటం లేదట, మధ్యలో గొంతు కూడా పోతోందట. ఫోన్ కొత్తదే. (గృహిణి, బైరాగిపట్టెడ, తిరుపతి)

ఫోన్ తప్పేం లేదు. ఆగకుండా ఒకే తీరుగా వచ్చే శబ్దం ఏదైనా జూమ్‌కు ఫ్యాను చప్పుడే, మీ శ్రుతి కూడా దానికి ఫ్యానే. మీరు ఒక స్వరం మీద దీర్ఘంగా నిలబడితే దాన్నీ కోసేస్తుంది. సెట్టింగ్స్‌లో 'ఒరిజినల్ సౌండ్' అని ఉంటుంది, అది ఆన్ చేయండి, క్లాసులోకి వెళ్లాక మళ్లీ అక్కడ కూడా ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. అప్పుడు గదిలో చప్పుళ్లన్నీ కూడా వెళ్తాయి, కుక్కర్ ఆపి కూర్చోండి, ఇయర్‌ఫోన్లు తప్పనిసరి. గురువుగారితో కలిసి పాడటం మాత్రం కుదరదు. శ్రుతి ఆలస్యంగా వచ్చినా ఒకే తీరుగా మోగేదే కాబట్టి ఇబ్బంది లేదు, తాళం మాత్రం కలవదు. ఆయన ఒక పంక్తి, మీరు ఒక పంక్తి. సంగీతానికి మాత్రం కెమెరా వేయండి, తాళం వేసే చేయి కనపడేలా. ఆయన చూడాల్సింది అదే.

డిగ్రీ ఫస్టియర్. క్లాసులో ఆవులిస్తున్నప్పుడు ఎవరో నా స్క్రీన్‌షాట్ తీసి స్టిక్కర్ చేసి గ్రూపులో తిప్పుతున్నారు. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారేమో. (తిరుపతి)

డిలీట్ చేయకు, మొదటి మాట అది. స్టిక్కర్ వచ్చిన గ్రూపు పేరు, పంపిన నంబరు, తేదీ కనపడేలా ఫొటోలు తీసి దాచుకో. రికార్డింగ్ మొదలుపెడితే జూమ్ అయినా మీట్ అయినా అందరికీ చెబుతుంది, స్క్రీన్‌షాట్ తీస్తే ఏదీ చెప్పదు, అందుకే వీళ్లకు ధైర్యం. కాలేజీలో మీకు నమ్మకమున్న మేడమ్ ఒకరికి చూపించి రాతపూర్వకంగా ఇవ్వు. అక్కడ ఆగకపోతే, లేదా మార్ఫింగ్ దాకా పోతే, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఆడవాళ్ల, పిల్లల ఫిర్యాదులకు వేరే విభాగం ఉంది. హెల్ప్‌లైన్ నంబరు 1930. నీకు పద్దెనిమిది నిండకపోతే 1098కు కూడా చేయొచ్చు. ఇంట్లో నాన్నకు భయమైతే అమ్మకో పిన్నికో చెప్పు, ఒక్కదానివే మోయకు. తప్పు చేసింది నువ్వు కాదు. తీసినవాళ్లు.

ఇక్కడ టీచర్లకు ఒక మాట. కెమెరా తప్పనిసరి చేసే ముందు ఈ ఉత్తరం చదవండి. పిల్ల ముఖం ఎవరి ఫోన్లలో మిగిలిపోతుందో మీ చేతిలో లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల డేటాకు తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. రికార్డు చేసిన క్లాసులో ముఖం కూడా డేటానే. రికార్డు చేస్తే మీ స్క్రీన్, మీ గొంతు మాత్రం వచ్చేలా చేసుకోండి.

కెమెరా ఆఫ్ చేశాను, మ్యూట్ కూడా చేశాను. అయినా ఫోన్ పైన పచ్చ చుక్క పోవడం లేదు. సార్ చూస్తున్నారా? (పుంగనూరు)

చూడటం లేదు, వినడం కూడా లేదు. ఆండ్రాయిడ్ 12 నుంచి ఏ యాప్ అయినా కెమెరా గానీ మైకు గానీ వాడుతుంటే ఆ చుక్క వస్తుంది, రెండింటికీ రంగు ఒకటే. ఐఫోన్లో అయితే మైకుకు నారింజ, కెమెరాకు పచ్చ. మ్యూట్ చేసినా యాప్ మైకును చేతిలో పట్టుకునే ఉంటుంది, నువ్వు మ్యూట్‌లో మాట్లాడితే 'మీరు మ్యూట్‌లో ఉన్నారు' అని వస్తుంది చూడు, అది అందుకే. పైనుంచి కిందికి లాగి ఆ చుక్క మీద నొక్కితే ఏ యాప్ ఏది వాడుతోందో రాసి ఉంటుంది. అనుమానం తీరకపోతే అక్కడే పైన 'కెమెరా యాక్సెస్', 'మైక్ యాక్సెస్' అని బటన్లు ఉంటాయి, ఆఫ్ చేస్తే ఏ యాప్‌కూ అందవు, క్లాసులో మాట్లాడాలంటే మళ్లీ ఆన్ చేసుకోవాలి, గుర్తుపెట్టుకో. క్లాసయ్యాక మాత్రం హోమ్ బటన్ నొక్కి ఊరుకోవద్దు, ఎర్రగా 'లీవ్' అని ఉంటుంది, అది నొక్కాలి. మా పిల్లల్లో ఒకడు అది నొక్కకుండా లేచిపోయాడు, మైకు తెరిచే ఉంది, ఆ రోజు వాళ్లింట్లో రసంలో ఉప్పు ఎవరు వేశారన్న పంచాయితీ మా క్లాసంతా వింది.